పాత అంకె పక్కనే కొత్త అంకె

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద బల్ల వేసుకుని ముప్పై ఏళ్లు రాశాడు. రాతలో తప్పు పడితే బ్లేడుతో గీకడం ఆయనకు నచ్చేది కాదు. తప్పు మాట మీద సన్నగా ఒక్క గీత గీసి, పైన సరైన మాట రాసి, పక్కన రాసిచ్చేవాళ్ల చేత పొట్టి సంతకం పెట్టించేవాడు. కొట్టేసిన మాట కూడా చదవడానికి వీలుగా ఉండాలన్నది ఆయన పట్టుదల. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కొట్టివేతలకూ దిద్దుబాట్లకూ సంతకాలు లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆ కాగితం తీసుకోనని తిప్పి పంపొచ్చు. నాన్న కాగితం తిరిగిరావడం నేనెప్పుడూ చూళ్లేదు.

అలాంటి చేతిపనిని మళ్లీ నేను చూసింది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, అమెరికా ఆదాయపన్ను కాగితాల్లో. చేసినావిడ తెనాలి మనిషి. ఎన్‌రోల్డ్ ఏజెంటు, అంటే పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు మన తరఫున మాట్లాడే లైసెన్సు ఉన్న మనిషి. మావైపు వాళ్లంతా అక్క అంటారు, నేనూ అంతే. ఆవిడ దిద్దింది నా తప్పునే గనుక దాని గురించి మొహమాటం లేకుండా రాయగలను.

తప్పు ఏమిటంటే, 2023లో మా కంపెనీ ఇచ్చిన షేర్లు 170 వెస్ట్ అయ్యాయి, అంటే పూర్తిగా నా చేతికొచ్చాయి. ఆ రోజు ధర 150 డాలర్లు. పన్ను కింద 50 షేర్లు కంపెనీయే పట్టుకుని, మిగతా 120 నా ఖాతాలో వేసింది. కొన్నాళ్లకు వాటిని 152 చొప్పున అమ్మేశాను. 18,240 డాలర్లు వచ్చాయి. జనవరిలో బ్రోకరు పంపిన 1099-బి కాగితంలో అమ్మిన ధర ఉంది, కొన్న ధర ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ గడి నింపమంది. నేను సున్నా కొట్టాను. ఉచితంగా వచ్చిన షేర్లే కదా అనుకున్నాను.

ఉచితమేమీ కాదు. వెస్ట్ అయిన రోజునే వాటి విలువ జీతంలో కలిసిపోయి పన్ను పడింది. నా సున్నా వల్ల అదే డబ్బు మీద రెండోసారి పన్ను పడింది. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న మనవాళ్లలో ఈ సున్నా కొట్టినవాళ్లు నేనొక్కణ్నే కాదు. చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం కూడా ఉంది. రిటర్న్ ఎక్కడా తప్పు చూపించదు, సాఫ్ట్‌వేర్ పచ్చ టిక్కు పెడుతుంది, పైగా ఎంతో కొంత రీఫండ్ కూడా వస్తుంది. నాకు 1,366 డాలర్లు వచ్చాయి. సంబరపడ్డాను కూడా.

అక్టోబరులో వేరే పని మీద అక్క దగ్గరికి వెళ్తే పాత రిటర్న్ తిరగేసింది. "తమ్ముడూ, ఈ సున్నా ఎవరు పెట్టారు?" అంది. నేనే అన్నాను. ఇంకేమీ అనకుండా నా డబ్ల్యూ-2, అంటే కంపెనీ ఇచ్చే జీతం కాగితం, తీసి 14వ గడి మీద వేలు పెట్టింది. అక్కడ 25,500 అని ఉంది. 170 షేర్లు, 150 డాలర్ల లెక్క.

అక్క పనితనం నాకు మొదట కనపడింది ఇక్కడే. తొందరపడే చెయ్యి అయితే ఆ 25,500ను కొన్న ధరగా వేసేసేది. అప్పుడు 18,240కి అమ్మిన వాటి మీద 7,260 నష్టం పుట్టుకొచ్చేది. లేని నష్టం. చూడ్డానికి బావుంటుంది, ఎవరైనా కదిపి చూస్తే కూలిపోతుంది. అక్క బ్రోకరు ఇచ్చిన సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ తెరిచి, అమ్మినవి 120 మాత్రమే అని చూసుకుని, 120ని 150తో గుణించి 18,000 వేసింది. లాభం 240 డాలర్లు. అమ్మకాలు చూపే ఫారం 8949లో ఏ గడి టిక్కు పెట్టాలన్న దగ్గరా ఒక క్షణం ఆగింది. కొన్న ధర బ్రోకరు ఐఆర్ఎస్‌కు చెప్పలేదు గనుక 'బి' గడి. అందువల్ల సరైన ధరను నేరుగా వేసేయొచ్చు. బ్రోకరు తప్పు ధర చెప్పి ఉంటే మాత్రం అలా చెయ్యకూడదు. ఆ తప్పు ధరనే యథాతథంగా రాసి, పక్క వరుసలో 'బి' అనే కోడ్ పెట్టి తేడాను విడిగా చూపించాలట. ఎదుటివాడి అంకెను కూడా తుడవకూడదన్నమాట. నాన్న బల్ల గుర్తొచ్చింది.

అసలు సంగతి ఫారం 1040-ఎక్స్. వేసేసిన రిటర్న్‌ను సవరించుకునే కాగితం ఇది. దీని అందమంతా మూడు నిలువు వరుసల్లో ఉంది. 'ఎ' వరుసలో మొదట చెప్పిన అంకె, 'బి'లో ఎంత మారింది, 'సి'లో సరైనది ఎంత. తగ్గినవాటిని బ్రాకెట్లలో పెడతారు. 2010 మొదట్లో ఐఆర్ఎస్‌వాళ్లు దీన్ని తేలిక చేద్దామనుకుని ఒకే వరుసకు కుదించారు, సరైన అంకె మాత్రమే రాస్తే చాలన్నారు. కొన్నాళ్లకే మూడు వరుసలకు తిరిగొచ్చారు. రావాలి కూడా. ఒక్క వరుసే ఉంటే అది మరో రిటర్న్ అవుతుందేగానీ దిద్దుబాటు అవదు.

'ఎ' వరుస నింపడం అంత తేలికా అనుకుంటాం. పాత రిటర్న్ చూసి ఎక్కించడమే కదా. అక్క అలా ఎక్కించలేదు. ముందు నా చేత ఐఆర్ఎస్ సైట్‌లో అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వాళ్ల పద్దు నకలు, తీయించింది. ఎందుకంటే ఆ వరుస తలకట్టు మీద 'మొదట చూపినది, లేదా ఆ తర్వాత సర్దుబాటైనది' అని ఉంటుంది. మనం వేసిన రిటర్న్‌లో కూడికలు తప్పితే వాళ్లే దిద్దుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు మన దగ్గరున్న కాపీ అబద్ధం చెబుతుంది. నా విషయంలో వాళ్లేమీ మార్చలేదు. మొదటి రీఫండ్ బ్యాంకులో పడిందా లేదా అన్నది కూడా అదే కాగితంలో చూసుకుంది. అది రాకముందే సవరణ వేస్తే రెండూ చిక్కుపడతాయట.

ఇక అంకెలు. మొదటి లైన్‌లో సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం: 198,240, (18,000), 180,240. రెండో లైన్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 27,700. దంపతులు కలిసి వేసే రిటర్న్‌కు 2023లో ఉన్నది అదే. అందులో మార్పు లేదు గనుక 'బి' ఖాళీ. పన్ను పడే ఆదాయం 170,540 నుంచి 152,540కి దిగింది. ఆరో లైన్‌లో పన్ను 28,134, (3,960), 24,174. మాది 22 శాతం శ్లాబు. పద్దెనిమిది వేల మీద 22 శాతమంటే సరిగ్గా 3,960. అక్క ఈ గుణకారం నోటితోనే చేసి, సాఫ్ట్‌వేర్ చూపించిన అంకెతో పోల్చింది. తేడా ఒక్క డాలరు వచ్చినా ఆగి వెతికేదట. శ్లాబు మారుతున్న చోట ఇంత నున్నగా రాదు, ఇక్కడ మొత్తం ఒకే శ్లాబులో ఉంది గనుక రావాల్సిందే అంది. తర్వాత మావాడి పేరు మీద వచ్చే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ 2,000. మా ఆదాయానికి దాంట్లో కోత లేదు, మార్పూ లేదు. మళ్లీ 'బి' ఖాళీ. చివరికి పదకొండో లైన్‌లో మొత్తం పన్ను 26,134 నుంచి 22,174కి తగ్గింది.

ఆ ఖాళీ గడుల గురించి ఒక మాట. మారని చోట ఏమీ రాయకుండా ఉండటం కూడా పనితనమే. నేనైతే ప్రతి గడిలో ఒక సున్నా పెట్టేవాణ్ని. సున్నాలతో నా చరిత్ర ఎలాగూ చెప్పాను.

ఇక్కడి నుంచి ఫారం రెండో సగం, డబ్బు ఎటు వచ్చింది ఎటు పోయింది అన్న లెక్క. చాలామంది తడబడేది ఇక్కడే. దానికి సగం కారణం ఫారమే అంటాను, పద్దెనిమిదో లైన్ మీద రాసిన వాక్యం చదివితే చిన్నప్పటి సంధి సూత్రాలు నయమనిపిస్తాయి. పన్నెండో లైన్‌లో జీతంలోంచి పట్టుకున్న పన్ను 27,500. పదిహేడులో చెల్లింపుల మొత్తం, అదీ 27,500. పద్దెనిమిదిలో పాత రిటర్న్ ప్రకారం ఎక్కువ కట్టినట్టు తేలిన మొత్తం, అంటే నేను సంబరపడిన ఆ 1,366. దాన్ని పదిహేడులోంచి తీసెయ్యాలి. పందొమ్మిదిలో మిగిలింది 26,134.

ఆ 26,134 దగ్గర అక్క పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టింది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. తర్వాత చూస్తే అది పదకొండో లైన్ 'ఎ' వరుసలో ఉన్న పాత పన్నే. నేను కట్టినదాంట్లోంచి నాకు తిరిగిచ్చింది తీసేస్తే, ప్రభుత్వం దగ్గర మిగిలేది పాత పన్నుకు సమానం కావాలి. అయితే పై సగం, కింది సగం ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టు. కాకపోతే ఎక్కడో పొరపాటు. ఫారంలో ఈ సరిచూపు కోసం ప్రత్యేకంగా లైన్ ఏమీ లేదు. తెలిసినవాళ్లు టిక్కు పెట్టుకుంటారు, అంతే. మన పాత చిట్టా ఆవర్జాలు రాసినవాళ్లు చివర మొత్తాన్ని అడ్డంగానూ నిలువుగానూ కూడి చూసుకునేవాళ్లు కదా, అలాంటిదే.

పద్దెనిమిదిలోనే ఇంకో మెలిక ఉంది. పాత రిటర్న్‌లో ఎక్కువ కట్టిన మొత్తాన్ని చేతికి తీసుకున్నా, తర్వాతి ఏడాదికి జమ చేయించుకున్నా, మొత్తం అక్కడ రాయాల్సిందే. చేతికి రాలేదు కదా అని వదిలేస్తే అదే డబ్బును రెండు చోట్ల లెక్కపెట్టుకున్నట్టు అవుతుంది. ఐఆర్ఎస్ రీఫండ్‌తో పాటు వడ్డీ ఏమైనా ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం కలపకూడదు. అలాగే చెల్లింపుల దగ్గర పెనాల్టీలూ వడ్డీలూ కట్టినవి వేయకూడదు. పన్ను డబ్బు వేరు, దానిమీద పుట్టిన డబ్బు వేరు. ఈ రెండింటినీ విడదీసి ఉంచడంలో ఫారం చాలా కచ్చితంగా ఉంటుంది.

ఇరవై ఒకటో లైన్: 26,134లోంచి 22,174 పోతే 3,960. నాకు రావాల్సింది.

తర్వాత రెండు లైన్లున్నాయి. ఇరవై రెండు, ఈ మొత్తంలో ఎంత నీ చేతికి కావాలి? ఇరవై మూడు, ఎంత ఏ ఏడాది అంచనా పన్నుకు జమ చెయ్యాలి? ఇరవై మూడులో సంవత్సరం రాయడానికి చిన్న ఖాళీ కూడా ఉంటుంది. మన దేశంలో రివైజ్డ్ రిటర్న్ వేసినప్పుడు ఇలాంటి గడి దొరకదు. రీఫండ్ వస్తే బ్యాంకు ఖాతాకే వస్తుంది, పాత బాకీ ఏదైనా ఉంటే ఆదాయపన్ను శాఖవాళ్లే పట్టుకుంటారు, వచ్చే ఏడాది అడ్వాన్స్ ట్యాక్స్‌కు మనంతట మనం మళ్లించుకునే వీలు లేదు. అందుకే ఈ ఇరవై మూడో లైన్ నాకు వింతగా, కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. ఊళ్లో కిరాణా కొట్టు శెట్టిగారు చిల్లర లేకపోతే, వచ్చే నెల పద్దులో వేసుకుంటాలే అన్నట్టు.

నాకు ఈ లైన్‌తో అవసరం పడింది. ఆగస్టు నుంచి మా ఆవిడ ఇంటి దగ్గర్నుంచి కాంట్రాక్టు పని మొదలుపెట్టింది. ఆ డబ్బులోంచి పన్ను ఎవరూ పట్టుకోరు. ఏడాది చివరికి పదివేల డాలర్ల దాకా మిగులుతుందని అంచనా. అక్క కాగితం మీద వేసి చూపించింది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్, దానిపైన ఆదాయపన్ను, అన్నీ కలిపి మూడు వేల పైచిలుకు. నా జీతంలో ఎక్కువగా పట్టుకునేది కొంత పోగా రెండున్నర వేలు తక్కువ పడేలా ఉంది. అయితే ఆ 3,960 మొత్తం అక్కడే వేసెయ్యండక్కా అన్నాను.

అక్క వద్దంది. ఒకటి, జమ చేయించుకున్న డబ్బు మీద వడ్డీ రాదు. చేతికి తీసుకుంటే వడ్డీతో వస్తుంది, 2024లో ఐఆర్ఎస్ వడ్డీ ఏడాదికి 8 శాతం. 3,960 మీద నెలకు 26 డాలర్లు. రెండు, ఒకసారి ఇరవై మూడులో రాసి పంపాక మనసు మార్చుకునే అవకాశం లేదు, అటు రాసింది అటే. మూడు, నీ జీతంలో పట్టుకుంటున్నది ఏడాది మొత్తం పన్నులో 90 శాతం దాటుతోంది, అంచనా పన్ను కట్టలేదన్న పెనాల్టీ నీకు ఎలాగూ పడదు. "మరి ఎందుకు తమ్ముడూ తొందర?" అంది.

నిజం చెప్పాను. చేతికొస్తే నిలవదు అక్కా, ఏప్రిల్లో కట్టమంటే జేబులు తడుముకోవాలి అన్నాను. ఆవిడ నవ్వి, లెక్కలో ఇదీ లెక్కే అంది. చివరికి విడగొట్టింది. ఇరవై మూడులో 2,500, సంవత్సరం ఖాళీలో 2024. ఇరవై రెండులో 1,460. అవసరమైనంతే అటు, మిగతాది వడ్డీతో ఇటు. రెండూ కూడితే పైనున్న 3,960. నేను కట్టగట్టి అంతా ఒకే వైపు తొయ్యాలనుకున్న చోట ఆవిడ అలా కొలిచి కోసింది.

సంవత్సరం దగ్గర ఒక జాగ్రత్త ఉంది. జమ చేసేది తర్వాతి ఏడాదికి, 2023 సవరణలో మిగిలింది 2024కి. నేను వెళ్లింది అక్టోబరులో గనుక 2024 రిటర్న్ ఇంకా వెయ్యలేదు, తలుపు తెరిచే ఉంది. అదే మరుసటి మేలో వెళ్లి ఉంటే 2024 రిటర్న్ అప్పటికే వేసేసి ఉండేవాణ్ని. ఆ 2,500 అక్కడ కనపడాలంటే దానికీ ఒక సవరణ వెయ్యాలి, పాము తన తోక తానే మింగినట్టు. అప్పుడైతే మొత్తం చేతికే తీసుకోమనేదాన్ని అంది అక్క. చట్టం ఇచ్చిన గడువు మామూలుగా రిటర్న్ వేసిన నాటి నుంచి మూడేళ్లు, లేదా పన్ను కట్టిన నాటి నుంచి రెండేళ్లు, ఏది తర్వాతైతే అది. ముందుగా వేసిన రిటర్న్‌ను ఏప్రిల్ గడువు రోజునే వేసినట్టు లెక్కిస్తారు గనుక నాకు 2027 ఏప్రిల్ 15 దాకా ఉంది. కానీ ఇరవై మూడో లైన్ పనికొచ్చే కాలం అంత పొడుగు కాదు.

చివర్లో వివరణ రాయడానికి చోటుంటుంది, ఎందుకు మారుస్తున్నారో చెప్పమని. ఇక్కడ జనం కథలు రాస్తారట, నేను కొత్తగా వచ్చాను, తెలియలేదు, క్షమించండి అని. అక్క నాలుగు వాక్యాలు రాసింది. మొదటిది ఏ అమ్మకం, ఏ తేదీ. రెండోది కొన్న ధర సున్నాగా చూపాం, సరైనది 18,000. మూడోది ఆ మొత్తం ఫలానా డబ్ల్యూ-2 మొదటి గడిలో జీతంగా ఇప్పటికే ఉంది. నాలుగోది జతపరిచిన కాగితాల పేర్లు. 'పొరపాటున' అనే మాట కూడా లేదు. చదివేవాడికి నా పశ్చాత్తాపంతో పనేముంది, ఏ అంకె ఏ కాగితంలో వెతకాలో తెలిస్తే చాలు. నాన్న పక్కన పెట్టించే పొట్టి సంతకం కూడా అంతే పొట్టిగా ఉండేది.

ఈ-ఫైల్ చేశాం. 1040-ఎక్స్‌ను ఎలక్ట్రానిక్‌గా పంపే వీలు 2020 ఆగస్టు నుంచే వచ్చింది, అంతకు ముందంతా పోస్టే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు గనుక అక్కడితో అయిపోయింది. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉంటే రాష్ట్రానికి ఇంకో సవరణ వెయ్యాల్సి వచ్చేది.

తర్వాత ఎదురుచూపు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, ఒక్కోసారి పదహారు అని ఐఆర్ఎస్ చెబుతుంది. 2024 రిటర్న్‌ను జనవరిలోనే వేసేద్దామని నాకు చేతులు దురద. అక్క ఆపింది. 2024 రిటర్న్ 26వ లైన్‌లో, అంచనా పన్ను కింద కట్టినదీ ముందటేడు నుంచి వచ్చిన జమా కలిపి రాసే చోట, మనం 2,500 అని రాస్తాం. వాళ్ల పద్దులో ఇంకా పడకపోతే, మీరు చెప్పిన జమ మా దగ్గర లేదు అని నోటీసు వస్తుంది. తప్పు మనది కాకపోయినా ఉత్తరాలు రాసేది మనమే. "వాళ్ల పుస్తకంలో పడ్డాక మన పుస్తకంలో రాద్దాం" అంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ట్రాన్‌స్క్రిప్టులు రెండూ తీసి పక్కపక్కన పెట్టాను. 2023 కాగితంలో ముందు 977, సవరించిన రిటర్న్ అందిందన్న కోడు. దాని కింద 291, పన్ను తగ్గించారు, మైనస్ 3,960. తర్వాత 776, వడ్డీ. 846, రీఫండ్ పంపారు. వాటి మధ్యలో 836, 2,500 డాలర్లు, ముందు మైనస్ లేదు, ఇక్కణ్నుంచి వెళ్లిపోయింది. 2024 కాగితం దాదాపు ఖాళీగా ఉంది. రిటర్న్ ఇంకా వెయ్యలేదు కదా. అందులో ఉన్న ఒకే ఒక్క జమ 716, ముందటేటి నుంచి వచ్చింది, మైనస్ 2,500.

ఫొటో తీసి అక్కకు వాట్సాప్‌లో పంపాను. ఒక పెన్సిల్ బొమ్మ, ఒక టిక్కు తిరిగొచ్చాయి. దాని కింద, "ఇప్పుడు డబ్ల్యూ-2 పంపు. ఈసారి 1099-బి నువ్వు ముట్టుకోకు."